తూకానికి రాని గాలి

త్రాసుకెక్కనిది ఈ సృష్టిలో లేదని తూనికల ఇన్‌స్పెక్టరు గారి నిశ్చితాభిప్రాయం. ఇరవై ఆరేళ్లుగా దుకాణాల్లోనూ గిడ్డంగుల్లోనూ కాటాలు తనిఖీ చేసి, దొంగ రాళ్లను పట్టుకొని, నికార్సయిన రాళ్లకు ముద్రలు వేస్తూ వచ్చిన మనిషికి అటువంటి అభిప్రాయం కలగడంలో వింత లేదు. పంచభూతాల్లో మన్నును తూచవచ్చు, నీటిని కొలవవచ్చు, నిప్పుకు డిగ్రీలున్నాయి, ఆకాశం ఆయన శాఖ కిందికి రాదు. మిగిలింది గాలి. దానికి బరువు లేదు గనుక అది లెక్కలోకి రాదని ఆయన ఎన్నడో తీర్పు చెప్పి, ఆ తీర్పుకు మనసులోనే సీలు వేసి కూర్చున్నారు. గాలి అభిప్రాయం ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ తీర్పు పుణ్యమా అని, తనను పెంచి పెద్దచేసిన అక్కగారు ఆదివారం నాడు ఇల్లు విడిచి వెళ్లిపోతున్నారన్న సంగతి ఆయనకు తెలిసేసరికి గురువారం పొద్దెక్కింది.

అయితే అసలు కథ గురువారంతో మొదలు కాలేదు. కారు నెత్తిన ఉన్న క్యారియరుతో మొదలయింది.

కారు విషయంలో ఇన్‌స్పెక్టరు గారిది కఠోర నిష్ఠ. మునులు తపస్సు చేసి దేహాన్ని శుష్కింపజేసినట్టు ఆయన తన కారును శుష్కింపజేశారు. బరువే పెట్రోలుకు శత్రువన్నది మూలసూత్రం. ఆ సూత్రం ప్రకారం ముందుగా కాళ్లకింది పట్టాలు దిగిపోయాయి. వాటి వెనుక సీటు మీది దిండ్లు. ఆ వెనుక స్టెప్నీ చక్రం. స్టెప్నీ లేని కారు ఒకనాడు మనిషి మసలని చోట పంక్చరై నిలిచిపోగా, రెండు మైళ్లు నడిచి ఇల్లు చేరి కూడా, ఆ చక్రాన్ని ఇన్నాళ్లూ మోయనందువల్ల మిగిలిన పెట్రోలు ఎంతో భార్యకు వివరించారు. ఆమె చేతిసంచిని స్ప్రింగు కాటాకు తగిలించి, కిలో ఏడువందలని తేల్చి, నిర్మలాకాశం సాక్షిగా అందులోని గొడుగును బయట పెట్టించిన రోజున ఆమె నిలువునా తడిసి వచ్చింది. తడి బట్టల అదనపు బరువును మాత్రం ఆయన లెక్కలోకి తీసుకోలేదు. మంచినీళ్ల సీసా సగమే నింపాలని మరో శాసనం. చేరబోయే చోట నీళ్లుండవా అని దానికి హేతువు.

ఇంతటి నిష్ఠాపరుడి కారు నెత్తిన ఏడాదిన్నరగా ఒక ఇనుప క్యారియరు కిరీటంలా వెలుగుతూ వచ్చింది. ఇంటికి సున్నం వేయించినప్పుడు పొడుగాటి నిచ్చెన తేవడానికి పాత ఇనప సామాన్ల దుకాణంలో కొన్నది. నాలుగు చదరపు అడ్డకమ్ములు, వాటి మీద జాలీ, చుట్టూ జానెడు ఎత్తు కంచె. నిచ్చెన వచ్చింది, పని చూసుకుంది, వెళ్లిపోయింది. క్యారియరు మాత్రం ఇల్లరికపుటల్లుడిలా అక్కడే స్థిరపడింది. ఎప్పటికైనా పనికి రాకపోతుందా అని ఇన్‌స్పెక్టరు గారి నమ్మకం. బిగించే ముందు దాన్ని తూచకుండా వదల్లేదు లెండి. తొమ్మిది కిలోల నాలుగు వందలు. ఏడాది నిండిన పిల్లంత. అంతటి బరువుకు ఏ కారైనా అలసిపోతుందా అని ఆయన అడిగితే, అడిగిన తీరుకే ఎదుటివాడు అలసిపోదనేవాడు.

కారు మాత్రం అలసిపోయింది. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు నడిచేది కాస్తా, అప్పటి నుంచి పదహారు కూడా నడవనని మొరాయించింది. ఇన్‌స్పెక్టరు గారు వెంటనే దర్యాప్తు ప్రారంభించారు. మొదటి ముద్దాయిలు పెట్రోలు బంకులవాళ్లు. ప్రభుత్వ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్ర పట్టుకొని ఒకదాని తరువాత ఒకటిగా మూడు బంకుల మీద దాడి చేశారు. మూడు చోట్లా పెట్రోలు గీతకు సరిగ్గా వచ్చి, నీతిమంతుడి మాటలా, ఆగింది. బంకులవాళ్లు నిర్దోషులని తేలడం ఆయనకు ఎంతమాత్రం రుచించలేదు. తరువాత టైర్లను అనుమానించారు, ఇంజను ఆయిలును అనుమానించారు, చివరికి కుటుంబాన్ని అనుమానించారు. ఒక ఉదయం అక్కగారిని మర్యాదగానే కాటా ఎక్కమన్నారు. ఆవిడ ఎక్కి, దిగి, ముప్ఫయ్యేళ్ల కిందట కుట్టుకున్న రవిక ఇవాళ్టికీ తనకు సరిపోతోందనీ, ఆ మాట కాటా కంటే దర్జీ చెబితే బాగుంటుందనీ మాత్రం అన్నారు. ఆ దర్జీ ఆవిడే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడం లోకంలో ఉన్నదే. నెత్తిన పెట్టుకొని వెతికిన ఘనత మాత్రం ఇన్‌స్పెక్టరు గారిదే.

పెట్రోలు సంగతి అటుంచితే, చప్పుడు సంగతి మరొకటి. కారు అరవై దాటేదాకా క్యారియరు మౌనవ్రతంలో ఉండేది. డెబ్బై దగ్గర ఎవరో సీసా మూతికి పెదవులానించి ఊదినట్టు ఒక ఈల మొదలయ్యేది. ఎనభై చేరేసరికి ఆ ఈల కూతై, కూత రోదనమై, వెనక సీటువాళ్ల నెత్తి మీద కూర్చొని ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు ఉండేది. మొదటి రోజే ఆ మాట భార్య అన్నది. చప్పుడు అనేదేదీ తనకు వినిపించడం లేదని ఇన్‌స్పెక్టరు గారన్నారు. రెండోసారి అన్నప్పుడు, అది గాలి చప్పుడే తప్ప కారు చప్పుడు కాదనీ, గాలికి మనం బాధ్యులం కామనీ అన్నారు. మూడోసారి అన్నప్పుడు ఆమెను చెవుల డాక్టరుకు చూపించారు. ఇంత మంచి చెవులు ఈ మధ్య కాలంలో తాను చూడలేదని ఆ డాక్టరు సంతోషించాడు.

ఇక ఆ కారులో మాటలు కరువై, సైగలు పుట్టుకొచ్చాయి. దాహమైతే బొటనవేలు, ఆపమంటే అరచెయ్యి. సైగలు చూడటానికి తల తిప్పే అలవాటు ఇన్‌స్పెక్టరు గారికి లేదు. ఆయన దృష్టి సదా మీటరు ముల్లు మీదే. అయినా వెనక నుంచి ఏదో మాట వస్తున్నట్టు అనిపిస్తే, పెద్దమనిషి తరహాగా “ఊఁ” అనేవారు. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడుండాలంటారు. కథ ఏమిటో తెలియకుండానే ఊఁ కొట్టడం ఈయన సాధించిన విద్య. మాట వినపడలేదని ఒప్పుకుంటే చప్పుడు ఉన్నదని ఒప్పుకున్నట్టే గదా. ఊఁ అంటే ఏ గొడవా లేదు. ఆ ఒక్క అక్షరం ఖర్చుతో ఏడాదిన్నర సుఖంగా గడిచిపోయింది.

గురువారం ఉదయం ఆఫీసుకు బయలుదేరబోతూ, అక్కగారి గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, దాని కాళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉండటం ఆయన కంటబడింది. ఆ మిషను ఊరకే ఉండటం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మానాన్నలు పోయాక, పెళ్లిమాట తలపెట్టకుండా, ఆ మిషను తొక్కే అక్కగారు తమ్ముళ్లిద్దరినీ చదివించారు. ఇన్‌స్పెక్టరు గారి మొదటి ఉద్యోగపు చొక్కా కూడా దాని మీద పుట్టిందే. వంటింట్లోకి వెళ్లి భార్యను అడిగారు. ఆమె కూరగాయల మీంచి చూపు తీయలేదు.

“తెలియనట్టు అడుగుతారేంటండీ. మీరేగా ఊఁ అన్నది.”

“దేనికి?”

“వదిన వెళ్లిపోవడానికి.”

కత్తిపీట మీద చెయ్యి ఆపకుండానే ఆమె చెప్పుకొచ్చింది. మంగళవారం అక్కగారి కళ్లు చూపించుకొని ముగ్గురూ కారులో తిరిగి వస్తున్నారు. ముందు సీటులో ఎప్పటిలాగే తూకపు రాళ్ల పెట్టె బెల్టు పెట్టుకొని కూర్చుంది. ఆడవాళ్లిద్దరూ వెనక. చిన్న తమ్ముడు తన ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకొని, ఇక తన దగ్గర ఉండమని అక్కగారికి వారం వారం ఫోను చేస్తున్నాడు. పెద్దవాణ్ణి అడిగి చెబుతానని ఆవిడ దాటేస్తూ వచ్చారు. ఆ రోజు, ఏమనిపించిందో, ముందుకు వంగి అడిగారట, చిన్నోడి దగ్గరికి వెళ్లిపోనా అని. ఈయన ఊఁ అన్నారట. ఇక అక్కడే ఉండిపోనా అని అడిగారట. ఊఁ అన్నారట.

“మూడోసారి ఏమడిగిందో తెలుసా? నేను లేకపోతే నీకు ఇబ్బందేం లేదుగా తమ్ముడూ అంది. దానికీ ఊఁ అన్నారు. వదిన వెనక్కి ఆనుకుని కూర్చుంది, ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. మీరు మాత్రం దిగగానే, ఇవాళ మైలేజీ బాగుండాలే అన్నారు.”

ఇన్‌స్పెక్టరు గారు తాళంచెవులు కింద పెట్టారు. ఆ సంగతి అప్పుడే తనకెందుకు చెప్పలేదని భార్య మీద కోప్పడబోయారు గానీ, సగంలోనే ఆగిపోయారు. ఈయన చెవిటివాడా, కఠినుడా అని తాను రెండు రోజులుగా ఆలోచిస్తున్నానని ఆమె అన్నది. ఇంకా తేలలేదనీ అన్నది. చిన్న తమ్ముడు ఆదివారం ఉదయం బస్సుకు రావడం, మిషనును, పెట్టెలను అన్నయ్య కారు క్యారియరు మీద కట్టుకొని అందరూ కలిసి వెళ్లడం, అంతా ఖాయమైపోయింది. ఏడాదిన్నర నిరీక్షణ ఫలించి క్యారియరుకు పని దొరికింది. ఎప్పటికైనా పనికి రాకపోతుందా అన్న మహాత్ముడి మాట దేవుడు విన్నాడు.

ఆయన అక్కగారి గది గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చొని, మిషను కట్టేశారు గనుక, ఎవరిదో పావడా అంచు చేతితోనే కుడుతున్నారు. వెళ్లేలోగా ఒప్పుకున్న పని ముగించడం ఆవిడ పద్ధతి.

“అక్కా, మంగళవారం నేను ఊఁ అన్నది…”

“అన్నావు. మూడుసార్లు.”

“అది నాకు సరిగ్గా వినపడలేదక్కా.”

అక్కగారు దారం పంటితో తెంపి, సూదిని వెలుతురుకు ఎత్తి, కొత్త దారం ఎక్కించుకున్నారు. “ఎందుకు వినపడలేదు తమ్ముడూ? నీ కారులో చప్పుడే లేదుగా. ఎదురింటాయనతో చెప్పావు. చిన్నోడితో చెప్పావు. మీ ఆవిణ్ణి తీసుకెళ్లి డాక్టరుతో కూడా చెప్పావు.”

రామాయణమంతా తానే చెప్పి, తీరా రాముడికి సీత ఏమవుతుందో తనకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఇన్‌స్పెక్టరు గారి ముందు రెండే దారులున్నాయి. కారు అరుస్తుందని ఒప్పుకోవచ్చు. అప్పుడు ఏడాదిన్నర మాట నీళ్లపాలు. కారు అరవదని నిలబడవచ్చు; అప్పుడు అన్నీ విని, తనను సాకిన అక్కను పొమ్మన్న పాషాణం తాను. ఏది తేలికో ఏ కాటా మీద పెట్టినా ఒకటే చెబుతుంది. కానీ ఇతరుల తప్పులను పట్టుకోవడమే వృత్తిగా ఇరవై ఆరేళ్లు బతికినవాడికి తన తప్పు చేతికందితే ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియదు. ఆయన మూడో దారి కనిపెట్టారు.

“ఏదో ఆలోచనలో ఉన్నానక్కా.”

“నా ప్రయాణం కంటే పెద్ద ఆలోచనే అయ్యుంటుందిలే,” అని అక్కగారు మళ్లీ అంచు మీదికి వంగారు.

ఆ తరువాత ఆవిడ కోపంగా ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. ఆవిడ కోపంగా లేరు. ఆయన చొక్కాలన్నీ తీసి, గుండీలు వదులైనవాటికి గుండీలు బిగిస్తున్నారు. ఇక ముందు ఎవరు చూస్తారని కాబోలు.

శనివారం ఇన్‌స్పెక్టరు గారు మెకానిక్కు షెడ్డుకు వెళ్లారు. చప్పుడు సంగతి చెప్పడానికి కాదు. ఇంజను ఒకసారి చూడమని. మెకానిక్కు పొట్టిగా, మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక పానా చేతిలో తిప్పుతూ ఉండే మనిషి. బానెట్టు ఎత్తి చూసి, దించి, రెండడుగులు వెనక్కి వేసి కారు నెత్తి వైపు చూశాడు. ఏడాదిన్నరగా ఈ గంప ఎందుకు మోస్తున్నారని అడిగాడు. దాని బరువు తొమ్మిది కిలోల నాలుగు వందలేనని ఇన్‌స్పెక్టరు గారు సెలవిచ్చారు.

“బరువుదేముంది సార్. బాధంతా గాలిది. మీ కారు గాల్లోకి తలొంచుకుని దూరాల్సింది. మీరేమో దాని నెత్తిన గంప పెట్టి, నిటారుగా నడవమంటున్నారు. తీసి ఆ మూల పడేయండి, పోయిన రెండు కిలోమీటర్లూ తిరిగొస్తాయి.”

గాలికి బరువు లేదని ఇన్‌స్పెక్టరు గారు తన తీర్పు చదివి వినిపించారు. మెకానిక్కు వాదించలేదు. ఈ వృత్తిలో అతనికి ఇటువంటి పండితులు చాలామంది తగిలారు. లేదని మీరెలా చెబుతారు, తూచారా, అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న ఇన్‌స్పెక్టరు గారికి ములుకులా దిగింది. తూచకుండా తీర్పు చెప్పాడన్న మాట ఇంతవరకు ఆయనను ఎవరూ అనలేదు. వెంటనే డిక్కీలోంచి, ఎవరి దుకాణంలోనో జప్తు చేసిన ఒక త్రాసు పళ్లెం తీశారు. మూడు తాళ్లతో వేలాడే పళ్లెం. ఆ తాళ్ల కొసను తన స్ప్రింగు కాటా కొక్కేనికి కట్టారు. మెకానిక్కు బండి నడుపుతూ ఉండగా, తాను ముందు సీటులోని రాళ్ల పెట్టెను జీవితంలో మొదటిసారి కదిలించి, ఒడిలో పెట్టుకొని, కిటికీలోంచి కాటా పట్టుకున్న చెయ్యి చాచారు. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. పళ్లెం వెనక్కి ఎగిరి, నోరు తెరుచుకొని, తాళ్లు బిగబట్టి నిలిచింది. నలభై మీద కాటా ముల్లు అర కిలోకు రవ్వంత ఇటు నిలబడింది. ఖాళీ పళ్లెం. అందులో ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గారు కళ్లద్దాలు సవరించుకొని మళ్లీ చూశారు.

ఎనభైకి చేరేసరికి ముల్లు కిలో తొమ్మిది వందల దగ్గర వణుకుతోంది. వేగం రెండింతలైతే గాలి నాలుగింతలైంది. ఇంత పచ్చి మోసం ఏ దుకాణదారుడు చేసినా ఈపాటికి జరిమానా పడేది. తన నెత్తి మీద ఉన్నది ఒక పళ్లెం కాదనీ, నాలుగు చదరపు కమ్ములూ ఒక కంచె అనీ, అవి ఏడాదిన్నరగా రేయనకా పగలనకా గాలిని మోసుకు తిరుగుతున్నాయనీ ఆయనకు అప్పుడు అర్థమైంది. గాలిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు గానీ, గాలి మాత్రం ఆయన పెట్రోలును శ్రద్ధగా లెక్కపెట్టుకొని తీసుకుంటూనే ఉన్నది.

తిరిగి వచ్చేటప్పుడు మెకానిక్కు ఆయనను వెనక సీటులో కూర్చోమన్నాడు. సొంత కారులో ఇన్‌స్పెక్టరు గారు వెనక సీటు ఎక్కడం అదే ప్రథమం. డెబ్బై దగ్గర సీసా ఊదడం మొదలయింది. ఎనభై దగ్గర నెత్తిన రోదనం. ముందు సీటులో మెకానిక్కు తల ఒకటి రెండుసార్లు కదిలింది, ఏదో అడుగుతున్నట్టుంది. ఇన్‌స్పెక్టరు గారు అలవాటు ప్రకారం “ఊఁ” అన్నారు.

షెడ్డు దగ్గర దిగాక మెకానిక్కు ఆ త్రాసు పళ్లెం చంకన పెట్టుకొని లోపలికి నడిచాడు. అదేమిటని ఈయన వెంటపడితే, నట్లు వేసుకోవడానికి నాకిచ్చేస్తారా అని అడిగితే మీరే ఊఁ అన్నారు గదా సార్ అన్నాడు. అది ప్రభుత్వ సొత్తనీ, తనకు ఏమీ వినపడలేదనీ ఇన్‌స్పెక్టరు గారు మొత్తుకున్నారు. వినపడనివాళ్లు ఊఁ ఎందుకంటారని మెకానిక్కు అమాయకంగా అడిగి, నవ్వుతూ పళ్లెం తిరిగి ఇచ్చేశాడు. ఇన్‌స్పెక్టరు గారు దాన్ని రెండు చేతులా పట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఒక సత్తు పళ్లెం పోతుందంటేనే తనకు ఇంత గుబులు పుట్టింది.

అయినా ఆ రోజు ఆయన క్యారియరు విప్పలేదు. జ్ఞానోదయానికీ, నట్టు విప్పడానికీ మధ్య మగవాడికి ఒక పూట వ్యవధి కావాలి.

ఆదివారం తెల్లవారగానే సాయానికి దేవతలెవరూ దిగి రాలేదు గనుక, ఒక పానా పట్టుకొని తానే కారు మీదికి వంగారు. ఏడాదిన్నర వానకు నట్లు తుప్పుపట్టి కమ్ములతో ఏకమైపోయాయి. మూడు కదిలాయి. నాలుగోది విరిగింది. మెటికలు రెండు చోట్ల చెక్కుకుపోయాయి. క్యారియరును దించి గోడకు ఆనించి, నుదుటి చెమట తుడుచుకొనేసరికి చిన్న తమ్ముడు తాడు చుట్ట భుజాన వేసుకొని గేటు తీసుకొని లోపలికి వచ్చాడు. ఇల్లు మారేవాళ్లలో ఉండే ఉత్సాహం అతనిలో ఉంది. మిషనును అప్పుడే వరండాలోకి లాగి, కాళ్లకు తాడు ముడి వేయడం మొదలుపెట్టి, తల ఎత్తి కారును చూశాడు.

“క్యారియరేది అన్నయ్యా?”

“తీసేశాను.”

“ఇవాళ తీసేయడమేంటి? మిషను దేని మీద కట్టను?”

గుమ్మంలోకి భార్య వచ్చి నిలబడింది. ఆమె వెనక, ప్రయాణపు బట్టల్లో, చేతిలో కళ్లజోడు పెట్టెతో అక్కగారు. ఎదురింటాయన ఎందుకో సరిగ్గా అప్పుడే తన చెట్లకు నీళ్లు పోసుకోవడానికి వచ్చాడు. ఒక మనిషి మాట వెనక్కి తీసుకోవడానికి ఇంతకంటే నిండైన సభ దొరకదు. ఇన్‌స్పెక్టరు గారు పానాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

“అది చప్పుడు చేస్తుందిరా. డెబ్బై దాటితే వెనక ఏం మాట్లాడినా ముందుకు వినపడదు. మొదటి రోజు నుంచీ అంతే.” కాస్త ఆగి, ఎవరి వైపూ చూడకుండా, “పెట్రోలు తాగేది కూడా అదే,” అన్నారు.

ఎవరూ నవ్వలేదు. భార్య మాత్రం, తన చెవులకు డాక్టరు ఇచ్చిన యోగ్యతాపత్రం గుర్తుకొచ్చిందేమో, చెంగుతో మూతి తుడుచుకుంది. చిన్న తమ్ముడు తాడు వదిలి, అయితే అక్కయ్యా అంటూ ఏదో అనబోయాడు. అక్కగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. మెట్లు దిగి వచ్చి, గోడకు ఆనించిన క్యారియరును ఒకసారి, తమ్ముడి మెటికలను ఒకసారి చూశారు. మనసు కరిగినట్టు మొహంలో ఎక్కడా కనపడలేదు.

“అంటే ఆ రోజు నా మాట వినలేదంటావు.”

“వినలేదక్కా.”

“ఇప్పుడు వినపడుతుందంటావు.”

“వినపడుతుంది.”

“నా కాటా మంచిదండీ అని కొట్టువాడు చెప్పగానే ముద్ర వేసేస్తావా నువ్వు?” అని, జవాబు కోసం ఆగకుండా కారు వెనక తలుపు తీసుకొని ఎక్కి కూర్చున్నారు. “పోనీ. ఎనభై మీద పోనీ.”

ఇన్‌స్పెక్టరు గారు పానా కింద పెట్టి ఎక్కారు. ఎంతమంది దుకాణదారులు తన ముందు ఇలా, గుండె చిక్కబట్టుకొని, కాటా పక్కన నిలబడ్డారో ఆ క్షణాన ఆయనకు తెలిసి వచ్చింది. కారు ఊరు దాటింది. ముల్లు అరవై దాటింది, డెబ్బై దాటింది. సీసా ఊదేవాడు రాలేదు. ఎనభై మీద టైర్ల కింద రోడ్డు గరగరలాడటం, ఇంజను తన పని తాను చేసుకోవడం, వెనక అక్కగారి కళ్లజోడు పెట్టె టప్పున మూతపడటం, అన్నీ విడివిడిగా వినపడ్డాయి.

“మొండోడా,” అన్నారు అక్కగారు, మామూలు గొంతుతో.

“చెప్పక్కా.”

ఆవిడ గొంతు కాస్త తగ్గించారు. “చెవుల కంటే నోరు పెద్దది నీకు.”

“అవునక్కా.”

ఇంకా తగ్గించారు. “పెళ్లాం నిజం చెబితే చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లావు. సిగ్గు లేదూ?”

“ఉందక్కా. ఇవాళ పొద్దున్నే వచ్చింది.”

ఇన్‌స్పెక్టరు గారు మీటరు ముల్లును చూడటం మానేసి, అద్దంలోకి చూశారు. అక్కగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ తరువాత వచ్చిన మాట, తనతో తాను అనుకున్నంత మెల్లగా వచ్చింది.

“చిన్నోడి దగ్గరికి వెళ్లిపోనా?”

ఇన్‌స్పెక్టరు గారు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశారు. కారును రోడ్డు వారకు తెచ్చి, ఇంజను ఆపి, బెల్టు విప్పుకొని, వెనక్కి పూర్తిగా తిరిగి కూర్చున్నారు.

“వద్దక్కా. నువ్వు లేకపోతే నాకు ఇబ్బంది.”

“ఎంత ఇబ్బంది?”

గ్రాములతో సహా చెప్పనిదే ఏ మాటా పూర్తి కాని నోరది. ఆయన ఆలోచించారు. పెదవులు కదిలాయి గానీ ఏ కొలతా బయటికి రాలేదు.

“చాలా,” అన్నారు.

అక్కగారు ఆ మాటను కాసేపు అలాగే ఉంచి చూశారు. పెదవి కొసను ఏదో మెదిలింది గానీ, దాన్ని నవ్వు అనడానికి ఆవిడ ఒప్పుకొనేవారు కాదు.

“పోయి పది రోజులుండి వస్తాను. వాడు గదికి రంగు వేయించాడు, వెళ్లకపోతే మొహం చిన్నబుచ్చుకుంటాడు. మిషను మాత్రం ఇక్కడే ఉంటుంది.” కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు. “బండి తిప్పు. ఈపాటికి వాడు దాని నాలుగు కాళ్లకీ తాళ్లు బిగించేసి ఉంటాడు. వాడి ముడులు విప్పడం నీ వల్ల కాదు, నా వల్లే అవుతుంది.”